ఐదో బుధవారం

ఏప్రిల్ 18, గురువారం

నా ఐదో బుధవారాన్ని లాగేసుకున్నారు. నన్ను అడగలేదు, చెప్పారంతే.

కమిటీ అని పేరే గానీ బుధవారాలు జరిగే ఫైర్ హాల్ ఫైర్ కంపెనీది, అంటే ఊళ్ళో మంటలార్పే స్వచ్ఛంద దళానిది; ఫైర్ కంపెనీ అంటే చీఫ్ డుడాష్. ఆయన కాఫీ కప్పు కింద పెట్టకుండానే తేల్చేశాడు.

"వచ్చే బుధవారం స్కూలు ముందు ఉత్తుత్తి ప్రమాదం పెడుతున్నాం. సాయంత్రం హాల్లో అందరికీ భోజనం. నీ ఐదో వారం అందులో కలిసిపోతుందిలే, అమ్మాయ్."

"కలవదు చీఫ్. నుజ్జయిన కారు చూపించి భయపెడితే పిల్లలు ఆ రోజు ఏడుస్తారు, శనివారం ప్రామ్ డాన్స్ అయ్యాక తాగుతారు. ఇది ఎన్నో ఊళ్ళలో పరీక్షించి చూశారు. నేను చదివాను."

"ఎక్కడ చదివావు?"

"లైబ్రరీలో."

"నేను రూట్ 61 హైవే మీద, నుజ్జయిన కార్ల దగ్గర చదివానమ్మా," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

తర్వాత ఆయనే మళ్ళీ, "పదిహేడేళ్ళప్పుడు నువ్వు కాదూ మన ఉత్తుత్తి కారు మీద చచ్చిపోయి పడుకుంది? ఊరంతా ఏడ్చింది. మర్చిపోయావా?" అన్నాడు.

మర్చిపోలేదు. ఊరంతా ఏడ్చింది. నాన్న రాలేదు. ఆ రోజు ఆయన చూసుకునే ఫైర్ హాల్ బార్‌కి బీరు పీపాలు వచ్చే రోజు.

పిల్లల్ని తాగుడుకి దూరం పెట్టే ఈ కార్యక్రమం ఏడు బుధవారాలంటే ఏడు. శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో అలా ఉంది, ఊరికే లేదు. ఇంటిల్లిపాదీ హాల్లో భోంచేస్తారు, తర్వాత గంటసేపు పిల్లలు నా దగ్గర, పెద్దవాళ్ళు పక్కగదిలో రీన్ అత్త దగ్గర, ఆఖరి గంట అందరూ ఒకే బల్ల చుట్టూ. మొదటి నాలుగు వారాలూ ఐదో వారం కోసమే. ఆ రోజు తండ్రో తల్లో పిల్లవాడి ఎదురుగా కూర్చుని "మన ఇంట్లో ఇరవై ఒకటి నిండేదాకా తాగడం లేదు" అని పైకి చెప్పాలి. తర్వాత పిల్లవాడు ఒక ప్రశ్న అడగొచ్చు. ఒక్కటే. పెద్దవాళ్ళు దానికి తప్పకుండా జవాబు చెప్పాలి. ఇలా చేసిన ఊళ్ళలో పిల్లలు మొదటి గ్లాసు ముట్టుకోవడం ఆలస్యమైంది. కొందరు ముట్టుకోనే లేదు. ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలియదట. ఆ మాట కూడా రాశారు, అందుకే నమ్మాను.

మా తమ్ముడు బ్రెన్నన్ దగ్గర ఒక ప్రశ్న ఉంది. రెండో వారం నుంచీ దాచుకున్నాడు.

ఏప్రిల్ 19

నాకు కోపం లేదు. నేను పనిచేసే వేర్‌హౌస్‌లో స్కానర్ నా మీద అరుస్తూనే ఉంది, తప్పుడు పెట్టెలో తప్పుడు సరుకు వేస్తున్నానని. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఏప్రిల్ 20, శనివారం

నోరా పెలెటియర్‌కి ఫోన్ చేశాను. యూనివర్సిటీ నుంచి వచ్చి మాకు శిక్షణ ఇచ్చింది ఆమే. అప్పుడప్పుడు బుధవారం వచ్చి గది వెనక కూర్చుని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నడిపామా లేదా అని గుర్తులు పెట్టుకుంటుంది. ఈమెకి చెబితే చీఫ్ తోక ముడుస్తాడనుకున్నాను.

"ఐదో వారం తీసేస్తే అది ఇంక ఆ కార్యక్రమం కాదు, మారిస్సా," అంది.

"ఆ మాట చీఫ్‌తో చెప్పండి."

"ఆయన్ని దూరం చేసుకుంటే హాల్ లేదు. హాల్ లేకపోతే ఏ వారమూ లేదు. ఊరివాళ్ళకి ఇది తమదని అనిపించాలి కదా."

"ఊరివాళ్ళదైతే కారు. పుస్తకానిదైతే ఐదో వారం. ఏది కావాలి మీకు?"

"రెండూ."

రెండూ అట. నేను ఫోన్ పెట్టేశాను. రెండూ ఎలా అవుతాయో అడగాల్సింది. అడగడానికి మళ్ళీ చేయాలనిపించింది, చేయలేదు. నాకు డిగ్రీ లేదు కాబట్టి అర్థం కాలేదా, అర్థం కావడానికి అందులో ఏమీ లేదా?

ఏప్రిల్ 21, ఆదివారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న వెలిగిపోతున్నాడు. చాలా రోజులైంది ఆ మొహం చూసి. అమ్మ ఫ్లోరిడా వెళ్ళిపోయాక చూడలేదేమో.

"చీఫ్ మనవాడినే అడిగాడు. వెనక సీట్లోంచి ఎగిరి ముందు పడే తమ్ముడి వేషం. చచ్చిపోయేది వీడే."

"వాడు హైస్కూల్ కాదు కదా నాన్నా."

"అదే కదక్కా గొప్ప," అన్నాడు బ్రెన్నన్, నోట్లో పియరోగీ కుడుము ఉండగానే. "ఎనిమిదో తరగతివాడిని ఇంతవరకూ ఎవరూ చంపలేదంట. నిజం శవం బండి వస్తుంది. దుప్పటి కప్పుతారు."

"గురక పెట్టకురా," అన్నాడు నాన్న. "ఊరి పరువు పోతుంది."

"నువ్వు ఏడవకపోతే పరువు పోతుంది."

"నేనూ ఉన్నానే ఇందులో," అని నా వైపు తిరిగాడు నాన్న. "జనంలోంచి పరిగెత్తుకుంటూ రావాలి. పోలీసులు అడ్డంగా కట్టిన టేపు దగ్గర ఆపేస్తారు, అక్కడ అరవాలి."

"మరి బార్?"

"ఎవరినో ఒకరిని చూసుకోమంటాలే."

నా వంతు వచ్చినప్పుడు బార్ చూసుకోవడానికి ఆయనకి ఎవరూ దొరకలేదు. దాని గురించి నాకేమీ లేదు. పిల్లలం కాదు.

గిన్నెలు కడుగుతుంటే బ్రెన్నన్‌ని అడిగాను, మరి నీ ప్రశ్న ఏమైనట్టు అని. భుజాలెగరేశాడు. "అది నాన్నకి. నీకు చెప్పను."

మూడో వారం పెద్దవాళ్ళు తమ పిల్లల్లో ఉన్న మంచి ఒకటి చెప్పాలి. నాన్న చాలాసేపు బల్ల వైపు చూసి, "నీళ్ళ గొట్టం చుట్టడంలో వీడికున్న నేర్పు నాకు లేదు," అన్నాడు. అంతే. బ్రెన్నన్ అప్పటినుంచీ రోజూ స్కూలు నుంచి నేరుగా ఫైర్ హాల్‌కి పోతున్నాడు, చుట్టిన గొట్టాలే విప్పి మళ్ళీ చుడుతున్నాడు. చిన్నవాళ్ళ దళంలో ఈ నెలే చేరాడు. కోటు మోకాళ్ళు దాటి ఉంటుంది. అది మంచిదే అనుకున్నాను. గొట్టాల గది పక్కనే బార్ అన్న సంగతి గుర్తు లేక కాదు. ఊళ్ళో ఎవరికి గుర్తుంటుంది? బార్ నడిస్తేనే ఫైర్ ఇంజన్లు నడుస్తాయి. మా బుధవారాలు కూడా ఆ గోడ ఇవతలే. తాగమన్నప్పుడు వద్దని ఎలా చెప్పాలో నేను పిల్లలకి నేర్పుతుంటే అవతల పూల్ బల్ల మీద బంతులు టకటకలాడుతూనే ఉంటాయి.

ఏప్రిల్ 23

రేపు నేను వెళ్ళను. వెళితే ఒప్పుకున్నట్టే.

ఏప్రిల్ 24, బుధవారం

వెళ్ళాను.

స్కూలు పార్కింగ్‌లో, కారులో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

పిల్లలందరినీ లాన్ చుట్టూ నిలబెట్టారు. మొదట అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు, నవ్వుకున్నారు. కట్టర్‌తో కారు పైకప్పు కోస్తుంటే ఆ కీచుమనే శబ్దానికి నవ్వులు ఆగాయి. బ్రెన్నన్ ఇంజన్ మూత మీద పడుకున్నాడు. మెడ మీద మొక్కజొన్న పాకంతో చేసిన రక్తం. దానికి ఈగలు ముసిరాయి. వాడు కదల్లేదు. దుప్పటి కప్పారు. గాలికి అంచు లేచి ఒక బూటు కనబడింది, లేసు ఊడిపోయి ఉంది. వాడి లేసు ఎప్పుడూ ఊడే ఉంటుంది.

నాన్న పరిగెత్తుకొచ్చాడు. టేపు దగ్గర ఆగాలి. ఆగలేదు. టేపు తెంపుకొని వెళ్ళి దుప్పటి లాగేశాడు. అరవాల్సిన మాట ఏదో నేర్పారు, అది అనలేదు.

"లేరా. లే. ఇంటికెళ్దాం," అన్నాడు. నెమ్మదిగానే. పొద్దున స్కూలుకి లేపినట్టు.

బ్రెన్నన్ లేవలేదు. వాడు ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేస్తాడు.

"లేరా నాన్నా, చాలు," అని భుజాలు పట్టుకుని ఊపేశాడు. అప్పుడిక ఆయన గొంతు గొంతులా లేదు. చీఫ్ డుడాష్ తానే వెళ్ళి నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. లాన్ మీద అంతమంది పిల్లలు, ఒక్క ఫోనూ పైకెత్తి లేదు. నేనూ ఏడ్చాను. ఎందుకు రాయకూడదు, ఏడ్చాను.

నాలుగు బుధవారాల్లో నాన్న నోట వచ్చింది గొట్టం మాట ఒక్కటే. ఇవాళ చూస్తుండగానే అది దాటి ఎక్కడికో వెళ్ళిపోయాడు. పుస్తకం తప్పేమో. పుస్తకం రాసినవాళ్ళు నాన్నని చూడలేదు. చీఫ్‌కి సారీ చెప్పాలేమో.

అదే రోజు, సాయంత్రం

చెప్పడానికే వెళ్ళాను.

హాల్ నిండా జనం. రీన్ అత్త హలుష్కీ వడ్డిస్తోంది, క్యాబేజీ వెన్న వాసన గుమ్మం దాకా కొడుతోంది. బ్రెన్నన్ ఏడీ అంటే గరిటెతో బార్ వైపు చూపించింది. బుధవారాలు మధ్యలో ఉన్న షట్టర్ దించుతాం. ఇవాళ సగం ఎత్తి ఉంది.

వాడు స్టూల్ మీద కూర్చున్నాడు. మెడ మీద పాకం ఎండిపోయి పెచ్చులు కట్టింది. చుట్టూ ఫైర్ కంపెనీ మగవాళ్ళంతా. వాడి ముందు గ్లాసు. వాడి పై పెదవి మీద తెల్లటి నురగ.

"చచ్చినవాడికి ఒకటి," అన్నాడు చీఫ్, నన్ను చూసి. ఎవరైనా తుమ్మితే దీవించినంత మామూలుగా.

"పోసింది ఎవరు?"

ఎవరూ చెప్పక్కర్లేదు. కౌంటర్ వెనక నాన్న ఉన్నాడు. కళ్ళు ఇంకా వాచే ఉన్నాయి.

"సగమేనే," అన్నాడు. "అందులోనూ నురగే ఎక్కువ. ఎప్పుడూ ఉన్నదే కదా. నీకూ పోశాం."

"దీనికి నేనే అందించాను," అన్నాడు చీఫ్. "మూతి తుడుచుకోవడం కూడా రాలేదు దీనికి. ముక్కు మీద నురగ."

అందరూ నవ్వారు. చెడ్డగా కాదు. నేనంటే ఇష్టమున్నవాళ్ళు నవ్వినట్టు నవ్వారు.

"నాన్నా, మధ్యాహ్నం అంత ఏడ్చావు."

"అందుకే కదే పోశాను. వాడు లేచి వచ్చాడు కదా."

లాన్ మీద నిజంగా ఏడ్చాడు, బార్‌లో నిజంగా సంతోషపడ్డాడు. ఒకటి అబద్ధమైతే బాగుండును, దాన్ని పట్టుకుని తిట్టేదాన్ని.

రీన్ అత్త షట్టర్ కిందినుంచి తల పెట్టి, "లెన్నూ, నీకు బుర్ర ఉండాల్సిన చోట బీరు పీపా పెట్టి పుట్టించారురా," అంది. నాన్న చెల్లెలు కాబట్టి అనగలిగింది. ఆయన అందుకూ నవ్వాడు.

బ్రెన్నన్ నా మొహం చూసి గ్లాసు దూరం జరిపాడు. ఎవరో మళ్ళీ దగ్గరకి జరిపారు.

ఏప్రిల్ 25

నా గ్లాసు గురించి ఇన్నాళ్ళూ ఆలోచించలేదు. ఆలోచించడానికి ఏముంది? అది చాలా మంచి సాయంత్రం. ఆ మగవాళ్ళు జరిగి నాకు చోటిచ్చింది అదే మొదటిసారి. నాన్న కౌంటర్ అవతల నుంచి నా వైపు చూసి తలూపాడు. స్కూలు ముందు నన్ను చూడ్డానికి రాలేదు గానీ ఇక్కడ చూశాడు, అనుకున్నాను.

నాకేమీ కాలేదు. నేను బాగానే ఉన్నాను. శుక్రవారం తప్ప తాగను. శుక్ర, శని. నిన్న కూడా తాగాను కానీ నిన్నటిది లెక్కలోకి రాదు.

మరి నాకేమీ కానప్పుడు వాడికేమవుతుంది? ఏమీ కాకపోతే నేను బుధవారాలు ఎందుకు నడుపుతున్నట్టు?

దీన్ని రేపు మళ్ళీ చదవాలి.

ఏప్రిల్ 26, శుక్రవారం

చదివాను. ఏమీ తేలలేదు.

నోరా తనే ఫోన్ చేసింది. ఎవరో చెప్పారట. కారు గురించి కాదు, గ్లాసు గురించి. నేను సూటిగా అడిగాను. "ఐదో వారం జరిగి ఉంటే వాడు ఆ గ్లాసు తీసుకునేవాడు కాదా?"

"ఒక్క పిల్లవాడి గురించి అలా చెప్పలేం. వెయ్యిమందిని తీసుకుంటే అందులో కొంతమంది..."

"నాకు వెయ్యిమంది తమ్ముళ్ళు లేరండీ."

"నాకు తెలియదు, మారిస్సా," అంది. ఆమె నాతో అన్న మాటల్లో నేను పూర్తిగా నమ్మింది ఇదొక్కటే.

ఇవాళ శుక్రవారం. హాల్‌కి పోలేదు. ఊరికే, అలసటగా ఉంది.

ఏప్రిల్ 27, శనివారం

పొద్దున గొట్టాల గదికి వెళ్ళాను. బ్రెన్నన్ ఒక్కడే ఉన్నాడు. తడి గొట్టాన్ని నేల మీద పరిచి, మధ్యకి మడిచి, మోకాలితో నొక్కుతూ చుడుతున్నాడు. చూస్తుంటే నిజంగానే నేర్పరి.

"ప్రామ్‌కి వెళ్ళే పెద్ద పిల్లలు నిన్న స్కూల్లో నన్ను ఏమంటున్నారో తెలుసా? శవంగాడు అంటున్నారు," అని నవ్వాడు. "ఇవాళ వాళ్ళంతా క్వారీ దగ్గర పార్టీ పెట్టుకున్నారు. కారులో పడుకుని రక్తం కార్చినవాళ్ళే."

"నిన్నూ రమ్మన్నారా?"

"రమ్మన్నారు. వెళ్ళనులే. మోటార్ సైకిల్ మీద తీసుకెళ్తామన్నారు, నాన్న ఒప్పుకోడు."

నాన్న ఒప్పుకోడు. నాన్నకి బీరు పర్వాలేదు, మోటార్ సైకిల్ మాత్రం కూడదు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు.

"ఒరేయ్, మే ఒకటిన మళ్ళీ బుధవారం ఉంది. కమిటీ లెక్కలో అది ఆరో వారం. నేను ఐదోదే నడుపుతాను. నీ ప్రశ్న అడుగుదువు గానీ."

"అక్కర్లేదక్కా. జవాబు వచ్చేసింది."

"అడగకుండానే?"

వాడు గొట్టం చివర ఇత్తడి మూతిని గుడ్డతో తుడుస్తూ చెప్పాడు. నన్ను చూడకుండా.

"తాగను అని నేను చెబితే, మరి నువ్వు నా పక్కన ఎక్కడ కూర్చుంటావు నాన్నా అని అడుగుదామనుకున్నాను. ఇంట్లో కూర్చోడు కదా. ఎప్పుడూ ఇక్కడే. మొన్న ఆయనే స్టూల్ లాగి, ఇదిగో కూర్చోరా అన్నాడు. అంతే. వచ్చేసింది."

సంతోషంగానే చెప్పాడు. అది నన్ను పొడిచింది.

చుట్ట కట్టడం అయిపోయాక దాని మీద కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. లేసు కట్టుకోరా అన్నాను, కట్టుకున్నాడు.

ఏప్రిల్ 28, ఆదివారం

చర్చి అయ్యాక బయట చీఫ్‌ని ఆపాను. క్వారీ దగ్గర ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ ఇళ్ళకి చేరారు. దాన్ని ఆయన కారు గొప్పతనం అంటాడని నాకు ముందే తెలుసు, అన్నాడు కూడా. కాదని నేను రుజువు చేయలేను.

"బుధవారం సాయంత్రాలు బార్ మూసేయండి చీఫ్. మిగతా మూడు వారాలే."

"మూస్తే వాళ్ళంతా ఎక్కడికి పోతారమ్మాయ్?"

"ఇళ్ళకి."

ఆయన నిజంగానే ఆలోచించాడు. ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పనట్టు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ నాన్నని అడుగు," అన్నాడు ఆఖరికి. "తాళం వాడి దగ్గరే ఉంటుంది. వాడు వేస్తానంటే నేను అడ్డురాను."

నేను నాన్నని ఇది కావాలని అడిగింది లేదు ఇంతవరకూ. కమిటీని అడిగాను, నోరాని అడిగాను, చీఫ్‌ని అడిగాను. పెద్దల గది రీన్ అత్తది, అందులోకి నేను పోను కాబట్టి అడగలేదనుకున్నాను.

ఏప్రిల్ 29, సోమవారం

నాన్నా,

ఈ కాగితం డైరీలోంచి చింపి, నువ్వు గ్లాసులు బోర్లించే గుడ్డ కింద పెడుతున్నాను. రేపు నువ్వు బార్ తెరవగానే దొరుకుతుంది. ముందు పేజీలు నీకు కావు.

ఏది పని చేస్తుందో నాకు తెలియదు. కారో, పుస్తకమో, రెండూ కాదో. తెలుసని కమిటీ ముందు అరిచాను, తెలియదు. నువ్వు మొన్న వాడిని లేపడం చూశాను. అది నటన కాదు. సాయంత్రం స్టూల్ లాగి కూర్చోబెట్టడం కూడా చూశాను, అదీ నటన కాదు. ఇంతకంటే నాకేమీ అర్థం కాలేదు.

బుధవారం బార్‌కి తాళం వెయ్యి. తాళంచెవి జేబులో పెట్టుకుని హాల్లోకి రా. మొహం కడుక్కుని రా. బ్రెన్నన్ ఎదురుగా కుర్చీ ఉంటుంది, స్టూల్ కాదు. నువ్వు చెప్పాల్సిన మాట నీకు తెలుసు, రీన్ అత్త నేర్పింది. చెప్పాక వాడు ఒకటి అడుగుతాడు. ముందే చెప్పకూడదు, అయినా చెప్పేస్తున్నాను: తాగనంటే నా పక్కన ఎక్కడ కూర్చుంటావు అని అడుగుతాడు. వాడు అడగనంటే నేను అడుగుతాను. ఆరేళ్ళ కిందట నేను అడగాల్సింది కూడా అదే.

ఎక్కడైనా సరే. వంటింట్లో, వరండాలో, ఆ గొట్టాల చుట్ట మీద. కౌంటర్ దగ్గర అని మాత్రం అనకు.

జవాబు నాకు బుధవారం ఐదున్నరలోపు కావాలి. రీన్ అత్త హలుష్కీ గిన్నె మీద మూత తీసేలోపు. నోటితో చెప్పక్కర్లేదు. తాళం పడిన చప్పుడు గోడ ఇవతల నాకు వినబడుతుంది.